ఈబీ-3 మీద వచ్చే ఫాస్ట్‌ఫుడ్ కుక్‌కి గంటకు ఎంత ఇవ్వాలి? కనీస వేతనం దాటితే చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీ బావమరిదికి అట్లాంటా దగ్గర ఒక ఫాస్ట్‌ఫుడ్ స్టోర్‌లో కుక్ ఉద్యోగం, ఈబీ-3 (ఉద్యోగం మీద గ్రీన్ కార్డ్ ఇచ్చే కేటగిరీ) స్పాన్సర్‌షిప్ అన్నారు. గంటకు 9 డాలర్లు. జార్జియాలో కనీస వేతనం 7.25 కాబట్టి 9 అంటే ఎక్కువే ఇస్తున్నట్టు అని ఏజెంట్ చెప్పాడు. స్పాన్సర్ ఖర్చుల కింద రెండు వారాలకోసారి వచ్చే పేచెక్‌లోంచి 150 డాలర్ల చొప్పున రెండేళ్ళు పట్టుకుంటారట, వీసా ఏడాదిన్నరలో వస్తుందట. ఇదంతా రూల్ ప్రకారమేనా అని అడిగారు.

కాదండి. మూడు విషయాలూ తప్పే. స్పాన్సర్ చేసి తెచ్చుకునే కుక్‌కి కనీస వేతనం దాటితే సరిపోదు, ఆ ప్రాంతంలో ఆ పనికి లేబర్ డిపార్ట్‌మెంట్ లెక్కగట్టిన ప్రివెయిలింగ్ వేజ్ ఇవ్వాలి. స్పాన్సర్‌షిప్‌లో లేబర్ సర్టిఫికేషన్‌కి, అంటే ఆ పనికి ఇక్కడివాళ్ళు దొరకలేదని లేబర్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే ధృవీకరణకి, అయిన ఖర్చు పనివాడి జీతంలోంచి పట్టుకోవడం నిషేధం. ఇండియాలో పుట్టినవాళ్ళకి ఈ కేటగిరీలో ఏడాదిన్నరలో వీసా రాదు, దాని దరిదాపుల్లో కూడా రాదు.

నేను లాయర్‌ని కాదు, ముందే చెప్తున్నాను. జార్జియాలో, పక్కనే సౌత్ కరోలినాలో ఫ్రాంచైజీ స్టోర్లకి పదహారేళ్ళుగా పేరోల్ చేస్తున్నాను. ఇమ్మిగ్రేషన్ ఫైళ్ళు లాయర్లు చూసుకుంటారు, కానీ వాళ్ళు ఫైల్‌లో రాసిన గంట రేటుకీ శుక్రవారం నాడు చెక్కు మీద పడే అంకెకీ తేడా వచ్చినప్పుడు అది ముందు కనిపించేది నాలాంటి వాళ్ళకే. అందుకే జీతం సంగతి వివరంగా రాస్తాను, మిగతాది మీరు లాయర్‌తో సరిచూసుకోండి.

ముందు ఏ వీసా అన్నది తేలాలి, ఎందుకంటే జీతం రూల్ దాన్ని బట్టి మారుతుంది. హెచ్-1బీ ఈ ఉద్యోగానికి రాదు, దానికి డిగ్రీ అవసరమైన ప్రత్యేక వృత్తి కావాలి. ఫాస్ట్‌ఫుడ్ కుక్‌కి వాస్తవంగా ఉండే దారులు రెండే. ఒకటి ఈబీ-3లో అదర్ వర్కర్స్ అనే భాగం, అంటే రెండేళ్ళ కంటే తక్కువ శిక్షణ సరిపోయే పనులు. ఇది గ్రీన్ కార్డ్ దారి. రెండోది హెచ్-2బీ, తాత్కాలికం. ఏడాది పొడుగునా ఒకేలా నడిచే మామూలు స్టోర్‌కి హెచ్-2బీ కుదరదు, సీజన్‌లో మాత్రమే జనం ఎగబడే బీచ్ ఊళ్ళు, స్కీ రిసార్టుల లాంటి చోట్ల కుదురుతుంది. కాలేజీ పిల్లలు వేసవికి వచ్చే జే-1 సమ్మర్ వర్క్ ట్రావెల్ కూడా ఉంది గానీ అది వేరే ప్రోగ్రామ్, మీ బావమరిదికి పనికొచ్చేది కాదు.

ఇప్పుడు 7.25 సంగతి. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 జూలై 24 నుంచి మారలేదు. జార్జియా రాష్ట్ర చట్టంలో ఇప్పటికీ 5.15 అనే ఉంది, కాకపోతే ఫెడరల్ చట్టం వర్తించే స్టోర్లన్నిటికీ 7.25 పడుతుంది. సౌత్ కరోలినాకి అసలు రాష్ట్ర కనీస వేతనమే లేదు, అక్కడా 7.25. ఏజెంట్ చెప్పిన అంకె వరకు నిజమే. కానీ అది పక్క వీధిలో ఉన్న ఏ మనిషినైనా పనిలో పెట్టుకోవడానికి వర్తించే అంకె. విదేశం నుంచి మనిషిని స్పాన్సర్ చేస్తానని ఓనరు ప్రభుత్వం దగ్గరికి వెళ్ళిన క్షణం ఇంకో అంకె వచ్చి కూర్చుంటుంది.

ఆ అంకె పేరు ప్రివెయిలింగ్ వేజ్. ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న రేటు అన్నమాట. ఇది ఎందుకు పెట్టారంటే, తక్కువ కూలికి బయటి నుంచి మనిషిని తెచ్చి ఇక్కడివాళ్ళ జీతాలు పడగొట్టకూడదని. ఓనరు ఈటీఏ-9141 అనే ఫారం నింపి లేబర్ డిపార్ట్‌మెంట్‌లోని నేషనల్ ప్రివెయిలింగ్ వేజ్ సెంటర్‌కి పంపాలి. పని ఏమిటి, ఏ ఊళ్ళో, ఎంత అనుభవం అడుగుతున్నారు, ఇంకెవరి మీదైనా అజమాయిషీ ఉందా అన్నవి అందులో రాస్తారు. వాళ్ళు దాన్ని చూసి వృత్తి కోడ్ ఇచ్చి, లెవెల్ నిర్ణయించి, గంటకు ఇంత అని రాసి పంపుతారు. ఫాస్ట్‌ఫుడ్ కుక్ కోడ్ 35-2011. ఈబీ-3కి నాలుగు లెవెల్స్ ఉంటాయి, అనుభవం, బాధ్యత ఎక్కువ అడిగేకొద్దీ లెవెల్ పెరుగుతుంది. ఫాస్ట్‌ఫుడ్ కుక్ పని కొద్ది నెలల్లో నేర్చుకునే పనుల కోవలో ఉంటుంది కాబట్టి ఓనరు మామూలుగా లెవెల్ 1 కోసమే చూస్తాడు. అదే ఓనరు ఏడాది అనుభవం ఉండాలి అని రాస్తే లెవెల్ పెరిగి రేటు పైకి పోతుంది. హెచ్-2బీలో ఈ లెవెల్స్ ఉండవు, సాధారణంగా ఆ ప్రాంతంలో ఆ వృత్తి సగటు జీతమే ప్రివెయిలింగ్ వేజ్.

రేట్లు చూడటానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు. లేబర్ డిపార్ట్‌మెంట్ ఫ్లాగ్ అనే సైట్‌లో వేజ్ సెర్చ్ ఉంది, అందరికీ ఉచితం. రాష్ట్రం, ప్రాంతం, కోడ్ ఇస్తే నాలుగు లెవెల్స్ రేట్లూ కనిపిస్తాయి. ప్రతి జూలై 1న కొత్త రేట్లు వస్తాయి. మీరు ఈ రాత్రే అట్లాంటా ప్రాంతం, 35-2011 అని కొట్టి చూడండి, 9 డాలర్లు అన్న మాట ఎక్కడ నిలుస్తుందో మీకే తెలుస్తుంది.

ఈ అన్నిటిలో ఏది ఎక్కువైతే అదే ఇవ్వాలి. ప్రివెయిలింగ్ వేజ్, ఫెడరల్ కనీసం, రాష్ట్ర కనీసం, ఊరి కనీసం. జార్జియాలో పై రెండు కనీసాలూ తక్కువ కాబట్టి ప్రివెయిలింగ్ వేజే లెక్కలోకి వస్తుంది. వేరే రాష్ట్రాల్లో తిరగబడుతుంది. కాలిఫోర్నియాలో దేశమంతటా కలిపి 60 లేదా అంతకంటే ఎక్కువ స్టోర్లున్న ఫాస్ట్‌ఫుడ్ చెయిన్‌లో పనిచేసేవాళ్ళకి 2024 ఏప్రిల్ 1 నుంచి గంటకు 20 డాలర్లు తప్పనిసరి, ఆ రాష్ట్రపు మామూలు కనీసం కంటే ఇది వేరు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2025లో కనీసం 16.66 ఉంటే అదే రాష్ట్రంలోని సియాటిల్ నగరంలో 20.76. ఇలాంటి చోట లెవెల్ 1 రేటు ఎంతున్నా చట్టం చెప్పిన కనీసం దాటాల్సిందే.

ఊరి విషయంలో ఒక మెలిక ఉంది. ప్రివెయిలింగ్ వేజ్ ఫలానా ప్రాంతానికి ఇస్తారు, రోజూ వెళ్ళి రాగలిగిన దూరం లోపల అని. ఓనరుకి అట్లాంటాలో మూడు స్టోర్లు, దక్షిణాన ఎక్కడో చిన్న ఊళ్ళో ఒక స్టోర్ ఉందనుకోండి, చిన్న ఊరి రేటు తక్కువ కాబట్టి ఫైల్ అక్కడి పేరు మీద వేసి మనిషిని అట్లాంటా గ్రిల్ దగ్గర నిలబెడితే అది ఫైల్‌లో చెప్పిన ఉద్యోగమే కాదు. కోడ్ విషయంలోనూ ఇంతే. సిట్-డౌన్ రెస్టారెంట్ కుక్ కోడ్ వేరు, కౌంటర్ పనివాళ్ళ కోడ్ వేరు. చేసేది గ్రిల్, ఫ్రయర్ పని అయితే ఫారంలో కౌంటర్ అని ఉండకూడదు.

ఇక ఏడాదిన్నర మాట. ఈబీ-3 అదర్ వర్కర్స్ భాగానికి ప్రపంచం మొత్తానికి కలిపి ఏడాదికి గరిష్ఠంగా 10,000 వీసాలే, పైగా దేశాలవారీ పరిమితి. ఇండియా లైన్ 2025లో ఎక్కువ నెలలు 2013 తేదీల దగ్గరే తిరిగింది. అంటే అప్పటికి పన్నెండేళ్ళ కింద ఫైల్ చేసినవాళ్ళ వంతు నడిచింది. విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్ వేస్తుంది, అందులో అదర్ వర్కర్స్ వరుసలో ఇండియా కాలమ్ చూడండి. పుట్టిన దేశమే లెక్క, పౌరసత్వం కాదు. భార్య వేరే దేశంలో పుట్టి ఉంటే ఆమె దేశం లైన్‌లో నిలబడే వీలుంది, అది మీ ఇంట్లో లేకపోతే ఏడాదిన్నర అన్న మాట నమ్మకండి. ఈ ఒక్క మాట మీదే ఎంతమంది పొలాలు అమ్మి డబ్బు కట్టారో తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

జీతానికీ ఈ ఆలస్యానికీ సంబంధం ఉంది, దీన్ని చాలామంది గమనించరు. ఈబీ-3లో చూపించే జీతం భవిష్యత్తులో ఇవ్వబోయే జీతం. గ్రీన్ కార్డ్ వచ్చి పనిలో చేరేదాకా ఓనరు ఆ రేటు ఇవ్వక్కర్లేదు. కానీ లేబర్ సర్టిఫికేషన్ రూల్స్‌లో ఓనరు ఒక హామీ మీద సంతకం పెడతాడు: ఫైల్ వేసినప్పటి ప్రివెయిలింగ్ వేజ్ కంటే తక్కువ ఆఫర్ చేయను, మనిషి పనిలో చేరే రోజున ఉన్న ప్రివెయిలింగ్ వేజ్ కంటే కూడా తక్కువ ఇవ్వను అని. అంటే పదేళ్ళ నాటి లెటర్‌లోని అంకె పట్టుకుని ఇదే నీ జీతం అనడానికి లేదు. కనీస వేతనాలూ అంతే. న్యూజెర్సీలో 2013లో 7.25 ఉండేది, 2025లో 15.49 అయింది. అప్పట్లో గంటకు 8.50కి ఫైల్ అయిన కుక్ ఇప్పుడు వస్తే 8.50 ఇస్తామంటే కుదురుతుందా?

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెప్తాను. వేరే దేశంలో పుట్టినావిడ, లైన్ చిన్నది కాబట్టి తొందరగానే వచ్చింది. ఫైల్‌లో గంటకు 13.20. మొదటి చెక్కు 10.50 లెక్కన వచ్చింది. మేనేజర్‌ని అడిగితే మూడు నెలలు ట్రైనింగ్ రేటు అన్నాడు. ఆరు వారాల తర్వాత పేరోల్ నా చేతికి వచ్చింది, ఫైల్‌లో రేటుకీ సిస్టమ్‌లో రేటుకీ పొంతన లేదు. స్పాన్సర్ చేసిన ఉద్యోగానికి ట్రైనింగ్ రేటు అని వేరే ఏదీ ఉండదు, చేరిన గంట నుంచి ఒప్పుకున్న రేటే. గంటకు 2.70 తక్కువ, వారానికి 40 గంటలు, ఆరు వారాలు, 648 డాలర్లు బాకీ. ఓనరుకి లాయర్ చేత ఫోన్ చేయించాను, తర్వాతి చెక్కులో మొత్తం వేశాడు. ఆవిడ తనంతట తాను అడగలేదు, కొత్తగా వచ్చాం, గొడవ ఎందుకు అనుకుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. అందుకే చెప్తున్నాను, మీ బావమరిది దగ్గర ఆ రేటు ఉన్న కాగితం కాపీ ఉండాలి.

ఇప్పుడు 150 డాలర్ల కోత. దీన్ని రెండు వైపుల నుంచి చూడాలి.

మొదటిది ఇమ్మిగ్రేషన్ రూల్. లేబర్ సర్టిఫికేషన్ తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చులు, అంటే ఆ దశలో ఓనరు లాయర్ ఫీజు, పేపర్లో ప్రకటనల ఖర్చు, ఇవన్నీ ఓనరే భరించాలి. పనివాడి నుంచి ముందు గానీ తర్వాత గానీ, జీతంలో కోత రూపంలో గానీ, చేతికి నగదుగా గానీ, తిరిగి రాబట్టుకోకూడదు. లేబర్ సర్టిఫికేషన్‌ని అమ్మడం కొనడం కూడా నిషేధం. దొరికితే సర్టిఫికేషన్ రద్దు చేయొచ్చు, ఓనరుని మూడేళ్ళ దాకా ఈ ప్రోగ్రామ్ నుంచి బయట పెట్టొచ్చు. ఆ తర్వాతి దశలు, ఓనరు ఇమ్మిగ్రేషన్ శాఖకి వేసే ఐ-140 పిటిషన్, గ్రీన్ కార్డ్ అప్లికేషన్, వాటి ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఈ నిషేధంలోకి రాదు. కాబట్టి "స్పాన్సర్ ఖర్చులు" అని గుండుగుత్తగా చెప్తే ఒప్పుకోకండి, దేనికి ఎంత అని విడివిడిగా రాసి ఇమ్మనండి. రాసి ఇవ్వడానికే వెనకాడతారు చూడండి.

రెండోది మామూలు జీతాల చట్టం. మీరు చెప్పిన అంకెలే తీసుకుందాం. గంటకు 9, రెండు వారాలకు 80 గంటలు, మొత్తం 720. అందులోంచి 150 తీస్తే 570. దాన్ని 80తో భాగిస్తే గంటకు 7.125. ఏజెంట్ గొప్పగా చెప్పిన ఆ 7.25 కంటే కూడా కిందికి వెళ్ళిపోయింది. ఓనరు లాభం కోసం చేసే కోతలు, యూనిఫామ్, క్యాష్ డ్రాయర్‌లో తక్కువ పడిన డబ్బు, పగిలిన సామాను, ఇలాంటివేవీ జీతాన్ని ఫెడరల్ కనీసం కిందికి దించకూడదు, ఓవర్‌టైమ్‌లోంచి కూడా కోయకూడదు. పన్నులు వేరు. సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం, ఇన్‌కమ్ టాక్స్, ఇవి ఎవరికైనా పోతాయి, వాటికి కంగారు పడక్కర్లేదు.

హెచ్-2బీ అయితే రూల్స్ ఇంకా గట్టిగా ఉంటాయి. రిక్రూట్‌మెంట్ ఫీజు పనివాడి దగ్గర తీసుకోకూడదు, ఏజెంట్ ద్వారా కూడా. వీసా ఖర్చు మొదటి పనివారంలోనే తిరిగి ఇవ్వాలి. పనికి కావలసిన సామాను ఉచితం. ఒప్పందంలో చెప్పిన గంటల్లో నాలుగింట మూడు వంతుల పనైనా ఇస్తామని గ్యారంటీ ఉండాలి, పని ఇవ్వకపోయినా ఆ మేరకు డబ్బు ఇవ్వాలి.

ఈ రెండింటి మధ్య ఇంకో పెద్ద తేడా ఉంది, ఇది ముందే తెలిసి ఉండటం మంచిది. హెచ్-2బీలో జీతం తగ్గిస్తే లేబర్ డిపార్ట్‌మెంట్‌లోని వేజ్ అండ్ అవర్ డివిజన్ నేరుగా వచ్చి బాకీ వసూలు చేస్తుంది. ఈబీ-3లో అలా కాదు. ఫెడరల్ కనీసం 7.25, వారానికి 40 దాటిన గంటలకు ఒకటిన్నర రెట్లు, ఈ రెండిటి వరకే వాళ్ళు సాయం చేయగలరు. 7.25కీ ప్రివెయిలింగ్ వేజ్‌కీ మధ్య ఉన్న తేడా కోసం రాష్ట్ర చట్టం, కాంట్రాక్టు అంటూ లాయర్‌తో వెళ్ళాలి, ఆ దారి అంత సూటిగా ఉండదు. కాబట్టి ఈబీ-3లో చేరే ముందు కాగితాలు చూసుకోవడమే అసలు రక్షణ, చేరాక పోట్లాడటం కష్టం.

రేటు సరిగ్గా ఇచ్చి గంటల దగ్గర కోసే ఓనర్లు రేటు దగ్గర కోసేవాళ్ళ కంటే ఎక్కువ, నా అనుభవంలో. నేను రోజూ చూసేది ఇదే.

ఒకటి, రెండు కంపెనీల ఆట. ఒకే ఓనరుకి రెండు స్టోర్లు, రెండు వేర్వేరు ఎల్ఎల్‌సీల కింద. కుక్ ఒక స్టోర్‌లో 28 గంటలు, ఇంకో స్టోర్‌లో 24 గంటలు చేస్తాడు. రెండు చెక్కులు వస్తాయి, ఏదీ 40 దాటదు, ఓవర్‌టైమ్ లేదు. కానీ ఒకే ఓనరు, ఒకే షెడ్యూల్, ఒకే మేనేజర్ మనిషిని అటూ ఇటూ పంపుతుంటే ఆ గంటలు కలిపే లెక్కించాలి. 52 గంటలు, అందులో 12 ఓవర్‌టైమ్. గంటకు 12 డాలర్ల మనిషికి ఆ 12 గంటలకి గంటకు 6 చొప్పున వారానికి 72 డాలర్లు ఎగ్గొట్టినట్టు. నేను ఒక గ్రూప్ పేరోల్ తీసుకున్నప్పుడు ఒకతనికి ఇది సరిగ్గా రెండేళ్ళు జరిగి ఉంది, 104 వారాలు, 7,488 డాలర్లు. చట్టం కింద బాకీకి సమానమైన మొత్తం అదనంగా కూడా పడే అవకాశం ఉంటుంది, అంటే 14,976. ఓనరుకి ఆ అంకె కాగితం మీద వేసి చూపించాకే కదలిక వచ్చింది. ఆ కుర్రాడు రాత్రి రెండింటికి ఒక స్టోర్ మూసి పొద్దున్నే ఆరింటికి ఇంకో స్టోర్ తెరిచేవాడు. అతని చేతుల మీద నూనె కాలిన మచ్చలు చూశాక ఈ విషయంలో ఊరుకోకూడదని నిర్ణయించుకున్నాను.

రెండు, క్లాక్ అవుట్ అయ్యాక పని. స్టోర్ మూశాక ఫ్రయర్ నూనె వడకట్టడం, గ్రిల్ గీకడం, హుడ్ తుడవడం, చెత్త పారేయడం. ముందు క్లాక్ అవుట్ కొట్టి తర్వాత ఇవన్నీ చేయమంటారు. అది పని సమయమే, డబ్బు ఇవ్వాల్సిందే. ఇరవై నిమిషాల లోపు బ్రేకులు కూడా పని సమయం కిందే లెక్క. భోజనానికి అరగంట తీసేయొచ్చు, కానీ ఆ అరగంట పూర్తిగా వదిలేయాలి, తింటూ మధ్యలో లేచి డ్రైవ్-త్రూ ఆర్డర్ చూడమంటే అది బ్రేక్ కాదు.

మూడు, మేనేజర్ బిరుదు. నువ్వు ఇక అసిస్టెంట్ మేనేజర్‌వి, నెల జీతం, ఓవర్‌టైమ్ ఉండదు అంటారు. బిరుదు ఇస్తే సరిపోదు. ఫెడరల్ రూల్ ప్రకారం వారానికి కనీసం 684 డాలర్ల స్థిర జీతం ఉండాలి, ముఖ్యమైన పని నిజంగా నిర్వహణే అయి ఉండాలి. రోజంతా బర్గర్లు తిప్పే మనిషి పేరేదైనా కుక్కే. పైగా కుక్‌గా స్పాన్సర్ చేసిన మనిషికి ఈ బిరుదు ఇస్తే ఇమ్మిగ్రేషన్ ఫైల్‌లోనూ ప్రశ్న వస్తుంది.

నాలుగు, గంటలు తగ్గించడం. ఈబీ-3 ఫైల్ వేసేది ఫుల్ టైమ్ ఉద్యోగానికి. రేటు అంతా బాగానే ఉంది గానీ వారానికి 20 గంటలే ఇస్తున్నారంటే చెప్పిన ఉద్యోగం ఇవ్వనట్టే.

అందుకే మీ బావమరిది వస్తే మొదటి రోజు నుంచి తన గంటలు తనే ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. వచ్చిన టైమ్, వెళ్ళిన టైమ్, ఏ స్టోర్. స్టోర్ సిస్టమ్‌లో గంటలు ఎవరో సవరించొచ్చు, తన నోట్‌బుక్‌లో సవరించలేరు. ఫెడరల్ చట్టం కింద రెండేళ్ళ వెనక్కి వెళ్ళి అడగొచ్చు, కావాలనే ఎగ్గొట్టారని తేలితే మూడేళ్ళు. వేజ్ అండ్ అవర్ డివిజన్ నంబర్ 1-866-487-9243. పనిచేసిన గంటలకు జీతం అడగడానికి వీసా స్టేటస్ అడ్డం కాదు, ఫిర్యాదు చేశాడని పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం.

ఓనరు ఆర్థిక స్థితి గురించి కూడా ఒక మాట. ఐ-140 వేసేటప్పుడు, ఫైల్ తేదీ నుంచి గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఆ జీతం ఇవ్వగల స్థోమత తనకుందని ఓనరు టాక్స్ రిటర్న్‌లతోనో ఆడిట్ లెక్కలతోనో నిరూపించాలి. గంటకు 13 డాలర్లంటే ఏడాదికి 2,080 గంటలకి 27,040. ఒక్కడే అయితే పెద్ద సంగతి కాదు. నాకు తెలిసిన ఒక ఓనరు ఆరుగురిని ఒకేసారి స్పాన్సర్ చేశాడు, అంటే ఏడాదికి 1,62,240 చూపించాలి. ఆయన రిటర్న్‌లో నికర ఆదాయం అందులో సగం పైచిలుకే. కొన్ని పిటిషన్లు అక్కడే తిరస్కరించారు. వాళ్ళలో ఇద్దరు అప్పటికే ఇండియాలో ఏజెంట్‌కి డబ్బు కట్టేసి ఉన్నారు, తిరిగి రాలేదు. కాబట్టి ఈ ఓనరు ఇంకా ఎంతమందిని స్పాన్సర్ చేస్తున్నాడో అడగండి.

మీరు ఏజెంట్‌ని అడగాల్సినవి ఇవీ. లేబర్ డిపార్ట్‌మెంట్ జవాబు రాసి పంపిన ఈటీఏ-9141 కాపీ ఉందా? అందులో కోడ్ ఏమిటి, లెవెల్ ఎంత, ఏ ఊరు, గంటకు ఎంత, ఏ తేదీ వరకు చెల్లుతుంది? అది 90 రోజుల నుంచి ఏడాది వరకే చెల్లుతుంది. స్టోర్‌లో పది పనిదినాలు గోడకి అంటించాల్సిన నోటీసు ఉంటుంది, అందులో జీతం రాసి తీరాలి, దాని ఫోటో పంపగలరా? ఆ రెండు కాగితాల్లోనూ ఒకే ఉద్యోగం, ఒకే ఊరు ఉండాలి, నోటీసులో జీతం 9141లో ఉన్నదానికంటే తక్కువ ఉండకూడదు. ఇంకా 9141 వేయనే లేదు, ముందు డబ్బు కట్టండి అంటే, గంటకు 9 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి, ఎందుకంటే అది వేసేదాకా ఆ అంకె చెప్పే అధికారం ఎవరికీ లేదు.

నేనైతే ఆ కాగితం కళ్ళతో చూడకుండా ఒక్క రూపాయి కట్టనివ్వను. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఎంత, ఎవరి ఖాతాకి, ఏ తేదీన అన్నది రాసిపెట్టుకోండి, వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ నోట్‌లు చెరపకండి, ముఖ్యంగా 150 కోత గురించి రాసినవి. 9141 వస్తే పేర్లు కొట్టేసి కోడ్, లెవెల్, ఊరు, రేటు, తేదీ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.